స్కూటరుకు కృతజ్ఞతలు

పుస్తకం రాసి శత్రువులను సంపాదించుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. పుస్తకం చివర ధన్యవాదాలు చెప్పి, ఉన్న ఒక్క స్నేహితుణ్ణీ పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం, నాకు తెలిసి, జహీరాబాద్‌లో నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను. మీరు ధారాళంగా నవ్వుకోండి. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను. చివరిదాకా నవ్వగలనో లేదో చూద్దాం.

అప్పటికి నేను చిన్నవాణ్ణి. అరవై కూడా నిండలేదు. ముప్పై ఏళ్లు పత్రికలో విలేకరిగా పనిచేసి బయటికొచ్చి, మా చుట్టుపక్కల పాత బావుల మీద పుస్తకం రాద్దామని కూర్చున్నాను. సొంతంగా అచ్చు వేసుకునే రచయిత బతుకు మీకు తెలియకపోవచ్చు. రాసేదీ మనమే, అచ్చుతప్పులు దిద్దేదీ మనమే, దిద్దాక మిగిలిన తప్పులకు తిట్లు తినేదీ మనమే. అట్టపెట్టెలు మోసుకొచ్చి మంచం కింద తోసేదీ మనమే. పెళ్లికి పోయినా సంచిలో రెండు ప్రతులు ఉంటాయి. సంచిలో చెయ్యి పెట్టామో లేదో, ఎదుటివాడికి ఏదో తొందరపని గుర్తొస్తుంది. వడ్డన మొదలుకాకముందే భోజనాల దగ్గరికి పరుగెత్తిన పెళ్లికొడుకు తండ్రిని నేను కళ్లారా చూశాను.

సరే, బావుల సంగతి. ఆ పుస్తకానికి చేతులు నావి, కాళ్లు సంగయ్యవి. సంగయ్యది చిరాగ్‌పల్లి. కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఏ బావి మీద ఏ మోటారు ఉండేదో, అది ఏ ఎండాకాలం కాలిపోయిందో ఆయనకు కంఠతా వచ్చు. చాయ్ హోటల్లో నా ఆలోచన చెప్పగానే కప్పు కింద పెట్టాడు.

"బావుల మీద రాస్తవా? ఎన్ని సూసినవ్?"

"ఏడెనిమిది సూసిన."

"ఏడెనిమిది సూసి పుస్తకమా! నయం, రెండు వంకాయలు సూసి వంటల పుస్తకం రాయలే. రేపు పొద్దుగాల ఆరుగొట్టంగ తయారుండు. నేనొస్త."

వచ్చాడు. ఒక్కనాడు కాదు, నాలుగేళ్లు వచ్చాడు. ఆరింటికి మా గల్లీ మొగన ఆయన పాత స్కూటరు హారన్లు రెండు వినబడేవి. డిక్కీలో వాళ్లావిడ లక్ష్మమ్మ గుడ్డలో చుట్టి ఇచ్చిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. కోహీర్ జామతోటల నుంచి న్యాల్‌కల్ అవతల కన్నడం మాట్లాడే ఊళ్లదాకా తిరిగాం. బావి దగ్గరికి పోగానే నన్ను తొంగిచూడనిచ్చేవాడు కాదు. చిన్న రాయి తీసుకుని, "ష్... ఇను" అని వేలు పైకెత్తి, రాయి వదిలేవాడు. శబ్దం వచ్చేదాకా ఆ వేలు అలాగే ఉండేది. బుడుంగుమంటే, "బతికే ఉన్నది" అనేవాడు. టక్కుమంటే తిరిగి బండి వైపు నడిచేవాడు. నా పుస్తకంలో చదవదగ్గ పేజీలు ఏవైనా ఉంటే, అవి ఆ వేలు పైన ఉన్నంతసేపట్లో పుట్టినవే.

పుస్తకం పూర్తయింది. ఆఖరి పేజీలో ధన్యవాదాలు. విలేకరి బుద్ధి కదా, ఒక్క పేరూ తప్పిపోకూడదని నోట్‌బుక్కులన్నీ ముందేసుకుని, వాటిలో ఉన్న పేర్లన్నీ వరుసగా ఎత్తి రాశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందట వెనకటికో తల్లి. నేను ఆమెకంటే ఘనుణ్ణి. ఊరందరి పిల్లల పేర్లూ రాసుకొచ్చి చంకలోదాన్ని మరిచిపోయాను. సంగయ్య పేరు ఏ నోట్‌బుక్కులోనూ లేదు. ఎలా ఉంటుంది? నేను రాసుకుంటున్నప్పుడు ఆయన నా నెత్తి మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పేజీ చివర కొంచెం చోటు మిగిలితే చమత్కారం పుట్టుకొచ్చి ఇలా రాశాను: 'నాలుగు తన్నులు తింటే తప్ప పొద్దున్నే లేవని, లేచాక ఊరంతా వినబడేలా దగ్గే, గుట్ట కనబడితే మొరాయించే, అయినా నన్ను ప్రతి బావికీ చేర్చిన మా పాత స్కూటరుకు కృతజ్ఞతలు.'

ఆవిష్కరణ సభ గ్రంథాలయం హాల్లో. ముఖ్య అతిథి ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు. మొదటి వరుసలో సంగయ్య, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, పక్కన లక్ష్మమ్మ. నేనే హెడ్‌మాస్టరు చెవిలో ఊదాను:

"సార్, ధన్యవాదాల పేజీ చదువుండ్రి. ఊళ్లోళ్లంత పేర్లు ఇనడానికే వచ్చిన్రు."

ఆయన గంట కొట్టినట్టు చదివారు. పేరు పేరుకూ చప్పట్లు. జామతోట ఆసామికి, ప్రెస్సాయనకు, బైండింగాయనకు. కోహీర్ దారిలో నన్ను కరవకుండా వదిలిన నల్లకుక్కకు కూడా చప్పట్లు. చివరికి స్కూటరు వచ్చింది. హాలంతా ఒకటే నవ్వు. అందరూ సంగయ్య వైపు తిరిగారు. ఆయనా నవ్వుతున్నాడు. తరవాతి పేరు తనదేనని, దండం పెట్టడానికి చేతులు కలిపి కుర్చీలోంచి సగం లేచాడు.

"ఇంతటితో సమాప్తం" అని హెడ్‌మాస్టరు పుస్తకం మూశారు.

సగం లేచిన సంగయ్య చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. సభ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "బాగున్నదన్నా. కుక్కకు గుడ చెప్పినవ్" అని మాత్రం అన్నాడు.

ఇక్కడ మామూలు మనిషైతే ఆయన వెంట పరుగెత్తి చేతులు పట్టుకునేవాడు. నేను పత్రికలో పండినవాణ్ణి. మాకు తప్పు జరిగితే మందు ఒకటే: సవరణ. మర్నాడే చీటీలు అచ్చు వేయించి, మైదా జిగురుతో ప్రతి పుస్తకం చివరా అంటించాను.

మా ఆవిడ జిగురు కలుపుతూ అడిగింది: "ఒక్కపారి కలిపి చదివి సూసుకున్నరా?"

"ముప్పై ఏండ్లు సవరణలు రాసినోన్ని. నాకు చెప్తున్నవా?"

చీటీలో ఇలా ఉంది: 'సవరణ: చివరి పేజీలో "మా పాత స్కూటరుకు" అని ఉన్నచోట "మా సంగయ్యకు" అని చదువుకోగలరు. పొరపాటుకు చింతిస్తున్నాం.'

చదువుకోండి. మీరూ ఒక్కసారి ఆ వాక్యం దగ్గరికి వెనక్కి పోయి, చెప్పినట్టే చదువుకోండి. నేను ఈలోగా తల దించుకుంటాను.

మూలిగే నక్క మీద తాటిపండు పడడం అందరికీ తెలిసిందే. పడ్డదాన్ని తీసి, గురిచూసి రెండోసారి వేసినవాణ్ణి నేను. వారం తిరక్కముందే చాయ్ హోటల్లో మొదలైంది.

"ఏం సంగన్నా, ఇయ్యాల ఎన్ని తన్నులకు లేసినవ్?"

"జర పైలం, ముంగట గుట్టున్నది!"

సంగయ్య చాయ్ సగంలో వదిలి వెళ్లాడట. ఆ తరవాత హోటలుకూ రాలేదు, మా గల్లీకీ రాలేదు. ఫోను చేస్తే లక్ష్మమ్మ ఎత్తి, "బయటికి వోయిండన్నా" అనేది. వెనకాల ఆయన దగ్గు వినబడేది. ఆరింటికి మెలకువ వచ్చి, రాని హారన్ కోసం కాచుకుని ఉండేవాణ్ణి. ఎండాకాలం పోయి, వానలు పడి, బావుల్లోకి నీళ్లొచ్చే రోజులొచ్చాయి. అప్పుడిక ఉండలేక, ఆటో ఎక్కి చిరాగ్‌పల్లి పోయాను.

వాకిట్లో లక్ష్మమ్మ నన్ను చూసి లోపలికి కేకేసింది: "ఎవరొచ్చిన్రో సూడు! నిన్ను తన్ని లేపేటాయన."

సంగయ్య కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వాకిట్లో స్కూటరు లేదు.

"బండేది సంగన్నా?"

"అమ్మేసిన. మోకాలు వోయింది, కిక్కు కొడ్తలేదు. న్యాల్‌కల్ ఆయన ఎగవడి కొనుక్కపోయిండు. పుస్తకంల పేరు వడ్డ బండాయె! నీ పుణ్యాన దానికి గిరాకి లేసింది. నేనే మిగిలిన."

"తప్పయింది. నేను గట్ల..."

"తప్పని నాకు ఎరుకనే. నువ్వు సవరణ మాట ఎత్తకు, నీకు దండం వెడ్త." లోపలి నుంచి తన ప్రతి తెప్పించాడు. చీటీ గీకి తీసేసిన చోట కాగితం పలచబడి ఉంది. "పెన్ను తియ్యి. నేను జెప్త, నువ్వు రాయి. నీ తెలివి ఒక్క ముక్క కలపకు. 'బావులు సంగయ్య సూపిచ్చిండు. ఈయన రాసిండు.' రాసినవా? సంతకం వెట్టు."

పెట్టాను. ముప్పై ఏళ్లు విలేకరిగా చేసినా, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నది ఆ ఒక్కసారే.

"ఇంతేనా?"

"ఇంకేం గావాలె? కుక్క కింద రాయలేదు గద, సాలు."

ముగ్గురం నవ్వాం. లక్ష్మమ్మ రొట్టెలు పెట్టింది. తింటూ సంగయ్య న్యాల్‌కల్ దిక్కు చూసి, "ఆ పక్క మనం సూడనియి ఇంక శాన ఉన్నయ్" అన్నాడు. మోకాలు నిమురుకున్నాడు.

అందులో ఒకదానికి మొన్న బస్సులో ఒక్కణ్ణే పోయాను. రాయి తీసుకున్నాను. అలవాటుగా "ష్... ఇను" అని వేలు ఎత్తాను. పక్కన ఎవరూ లేరు. బుడుంగుమంది. అక్కడి నుంచే ఫోను చేసి, "బతికే ఉన్నది" అన్నాను. అవతల కర్ర పక్కన పెట్టిన చప్పుడు వినబడింది. తరవాత, "ఇంకో రాయి ఎయ్యి. ఫోను బావి మీద పట్టు" అన్నాడు.

కాబట్టి పాఠకులారా, మంచం కింద మిగిలిన పుస్తకాల పెట్టెల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ ఏ పుస్తకంలోనూ, ఏ చీటీ మీదా, ఏ కారణం చేతా సవరణ వెయ్యను. ఇక ఇదే ఆఖరుది.

సవరణ: నా బావుల పుస్తకంలో 'నేను చూశాను' అని ఉన్న ప్రతిచోటా 'మేమిద్దరం చూశాం' అని చదువుకోగలరు.