నా జడలోని జపాన్

ఆ రోజుల్లో కస్టమ్స్ సుంకం అనే మాట వస్తే మా రైల్వే క్వార్టర్లలో గొంతులు తగ్గేవి. ఇప్పుడు చిప్పుల మీద సుంకాలు వేసుకుని దేశాలు తగువులాడుకుంటున్నాయని పేపర్లో చదువుతుంటే, వాటి తాతల్లాంటి ట్రాన్సిస్టర్లను మూడింటిని ఖరగ్‌పూర్‌కి దొంగతనంగా చేరవేసిన ఘనత నాదని ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తుంది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. కొత్తగా పంతులమ్మనయ్యాను. ధైర్యవంతురాలినని నాకు గట్టి నమ్మకం (ఆ నమ్మకం నా ఒక్కదానిదే).

అక్క మొగుడు, వర్క్‌షాపులో ఫిట్టరు, మాతోనే ఉండేవాడు. సొంతంగా రేడియో చేసి మా నానమ్మకు మనవేపు మాటలు వినిపించాలని ఆయన కల. శ్రీకాకుళం విడిచి ఏళ్లు గడిచి, కాళ్లు పడిపోయిన నానమ్మ పూరీ గేట్ దగ్గరి మా క్వార్టరు కిటికీలోంచి, దక్షిణానికి పోయే రైళ్లను చూస్తూ కూర్చునేది. అక్కకు నెలలు నిండడంతో బావకు తోడుగా నేను కలకత్తా వెళ్లాను. ఖిదిర్‌పూర్‌లో రేవు దగ్గర ఒక ఓడమనిషి వద్ద రేడియోలో వేసే జపాన్ ట్రాన్సిస్టర్లు మూడు దొరికాయి. ఒక్కొక్కటీ శనగగింజంత, మూడేసి సన్నటి కాళ్లు. సుంకం కట్టనివి.

"జడలో ఎట్టుకో. పంతులమ్మ జడ ఎవుడు ఎతుకుతాడు?" అన్నాడు బావ.

"నాకేటి భయం?" అన్నాను.

హౌరాలో రైలు కదిలింది. తెల్ల యూనిఫారం, ఇత్తడి బొత్తాల పెద్దమనిషి ఒకాయన మా ఎదురుగా కూర్చున్నాడు. బయట నీళ్లు నిండిన పొలాల్లో మబ్బులు మాతోపాటే వస్తున్నాయి. నా తల వెనకే ఎవరో సన్నగా పాడుతున్నారనిపించి, నిద్రకీ మెలకువకీ నడుమ తేలుతున్నాను.

"దీదీ, మీ జడ..." అన్నాడాయన.

అంతే. "సుంకం కట్టేస్తాను సార్, మా బావకేటీ తెల్దు" అని నాకొచ్చిన నాలుగు భాషల్లోనూ మొరపెట్టుకుని, జడ విప్పి, మూడింటినీ ఆయన అరచేతిలో పోశాను. బావ నేనెవరో తెలియనట్టు కిటికీలోంచి చూస్తున్నాడు.

"రిబ్బను ఊడిపోతోందని చెబుదామనుకున్నాను," అన్నాడాయన బెంగాలీలో, నెమ్మదిగా. ఆయన పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించే బ్యాండు మనిషట. ఒకదాన్ని వెలుతురుకి పట్టి చూసి నవ్వాడు. "దాదా, ఇది మన దేశంలో చేసిందే. దీనికి కస్టమ్స్ దేనికి?"

నా తలనూనెకి జపాన్ అక్షరాలు చెరిగిపోయి, కింద అసలు ముద్ర బయటపడింది.

"నా జపానుని కడిగేసినావు కదే," అన్నాడు బావ. మూడింటినీ ఏరి జేబులో వేసుకున్నాడు.

అయినా పట్టు వదలలేదు. నెలలపాటు అతికించి, విప్పి, మళ్లీ అతికించి, ఒక సాయంత్రం, రేడియోకి గూడు చేసిన సబ్బుపెట్టెలోంచి గరగరల మధ్య ఒక తెలుగు ఆడగొంతు పలికించాడు. వానల గురించి ఏదో చెబుతోంది. నానమ్మ ముందుకు వంగింది.

"ఏ ఊరమ్మా నీది?"

అప్పుడే రేడియోలో గొంతు ఆగిపోయింది. నానమ్మ జవాబు కోసం చూస్తోంది. ఆ ముఖం చూడలేక, కుర్చీ వెనక కూర్చుని గొంతు మార్చి, "టెక్కలి, అమ్మా" అన్నాను.

"మనోలే. పెళ్లయినాదా?"

"ఇంకా నేదమ్మా."

"అవుతాది. బెంగెట్టుకోకు."

నానమ్మ వయసుకి వచ్చాక ఇప్పుడనిపిస్తుంది, నన్ను పెంచిన మనిషి చెవులకి నా గొంతు తెలియకుండా ఉంటుందా అని. ఆ సాయంత్రం మాత్రం నానమ్మను భలే మోసం చేశానని మురిసిపోయి పడుకున్నాను.