జీడిపండ్ల మిషను

ఏ వస్తువు పాడైనా నేనే బాగుచేస్తానని కూర్చోవడం నాకున్న జబ్బు. దానివల్ల మా ఇంట్లో చాలా వస్తువులు శాశ్వతంగా పాడయ్యాయి. అప్పట్లో పాల్వంచలో ఒక కంపెనీలో ఫిట్టరుగా పనిచేసేవాణ్ణి. అక్కడ నా పైన ఫోర్‌మన్ ఉండేవాడు కాబట్టి ప్లాంటు నడిచింది.

చేతుల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. చండ్రుగొండ దగ్గర మా మామగారికి జీడిమామిడి తోట ఉండేది. ఆయన కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చిన మనిషి, మాట ఇంకా అక్కడిదే. నా భార్య ఇక్కడే పుట్టి పెరిగింది, ఆమె మాట ఇక్కడిది. ఆమె పుట్టిన ఏడాదే ఆ చెట్లు నాటారట. బావి దగ్గరి చెట్టుకు ఒక లావుపాటి కొమ్మ నేలబారుగా వంగి ఉండేది. చిన్నప్పుడు ఆమె చదువుకున్నా, అన్నం తిన్నా, అలిగినా ఆ కొమ్మ మీదేనని మా అత్తగారు చెప్పేవారు.

చుట్టుపక్కల అందరూ పామాయిల్ తోటలు వేస్తున్నారు. మామగారు కూడా జీడితోట కొట్టించి పామాయిల్ వేస్తానన్నారు. ఆ మాట విన్న పూట నా భార్య అన్నం ముట్టలేదు.

"మీరన్నా నాన్నతోటి జర మాట్లాడరాదా?" అంది.

మామగారితో మాట్లాడే ధైర్యం నాకు లేదు. అందుకని మిషను చేస్తానన్నాను.

జీడిమామిడిలో అమ్ముడుపోయేది గింజ. కూలీలు గింజను మెలితిప్పి తీసుకుని పండును అక్కడే పారేస్తారు. ఎండాకాలమంతా ఎర్రవీ పసుపువీ పండ్లు చెట్ల కింద కుళ్ళి ఈగలు ముసిరేవి. ఆ పండు కూడా పనికొస్తే తోటను ఎవరు కొట్టిస్తారు? గోవా వైపు ఈ పండ్లను నలగ్గొట్టి, రసం పులియబెట్టి తాగుతారని షిఫ్టులో ఒకతను చెప్పాడు. అతను గోవా చూడలేదు, నేనూ చూడలేదు. పని మొదలుపెట్టడానికి నాకు ఆ మాత్రం సమాచారం చాలు.

ముందటి గాలివానకు బావి దగ్గరి ఆ కొమ్మ విరిగి పడి ఉంది. అందులోంచి ఒక ముక్క కోసుకొచ్చి, లేతు మీద గుండ్రంగా తిప్పించి రోలరు చేశాను. మామగారు చూసి, "అల్లుడుగారూ, జీడికర్ర మెత్తనండీ. మద్దికర్ర చూడకపోయారా?" అన్నారు. నాకు తెలియదా అన్నట్టు నవ్వాను. నిజానికి తెలియదు. రోలరు నిండా మేకులు కొట్టి పనసకాయలా తయారుచేశాను. దాని చుట్టూ చెక్కపెట్టె, పైన పండ్లు పోయడానికి రేకు గరాటు, కింద రసానికి బేసిను. మోటారు మా ఇంటి కూలరుది.

మే నెలలో, పాల్వంచలో కూలరు మోటారు ఊడదీసినవాడితో ఏ ఆడమనిషైనా కాపురం చేస్తుందా? నా భార్య చేసింది. "చెట్ల కోసమే గదా" అని విసనకర్ర అందుకుంది. ఆ నమ్మకం చూస్తే నాకు భయం వేసింది.

తోటలోనే ఉన్న మామగారి ఇంటి ముందు పెట్టి స్విచ్చి వేశాను. మొదటి పండు నలిగింది. రెండో పండు దగ్గర మోటారు మూలిగి ఆగిపోయింది. గాలి విసరడం తప్ప దానికి ఇంకో పని రాదు. నేను ఓటమి ఒప్పుకునే రకం కాదు. పాత సైకిలుకు వెనక చక్రం తీసేసి, స్టాండు వేసి, గొలుసును రోలరుకు తగిలించి, ఎక్కి తొక్కడం మొదలుపెట్టాను. గింజలు ఏరే ఆడవాళ్ళు పని ఆపి చుట్టూ చేరారు.

"ఏంది సారూ, గంతగనం తొక్కుతున్నవ్, యాడికి పోతున్నవ్?" అంది ఒకామె.

పండ్లు నిజంగానే నలిగాయి. సగం గుజ్జు బేసిన్లో పడింది, సగం మా అత్తగారు కొత్తగా సున్నం వేయించిన గోడ మీద పడింది. జీడిపండు మరక ఉతికినా పోదు, గోడ మీద మాత్రం ఎందుకు పోతుంది? బేసిన్లో పడిన రసం చూస్తుండగానే నల్లబడింది. ఇనుము తగిలితే ఆ రసం అలాగే అవుతుందట. అత్తగారు గ్లాసు పైకెత్తి చూశారు.

"ఇది తాగాలా నాయనా, దీంతో రాయాలా?"

మేకులన్నీ పీకి స్టీలు స్క్రూలు బిగించాను. ఈసారి రసం పసుపుపచ్చగా, శుభ్రంగా దిగింది. జాడీలో పోసి గుడ్డ కట్టాను. ఇంట్లో సారా కాస్తున్నామని ఊరు అనుకుంటుందని అత్తగారు జాడీని పశువుల కొట్టంలో పెట్టించారు. అక్కడే అది నురగలు కక్కింది. నేను షిఫ్టు దిగగానే బస్సెక్కి వెళ్ళి దాన్ని చూసి వచ్చేవాణ్ణి.

పులిసిందని తేల్చుకున్నాక అందరికీ గ్లాసుల్లో పోశాను. నేను ఒక గుక్క తాగాను. గొంతంతా గరగర పట్టేసింది. అత్తగారు గుమ్మం బయటికి వెళ్ళి ఉమ్మేశారు. నా భార్య తన గ్లాసు ముట్టకుండా తండ్రి ముఖమే చూస్తోంది. ఆయన నిదానంగా గ్లాసంతా తాగారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తువ్వాలుతో మూతి తుడుచుకుని, "బాగుందండీ, అల్లుడుగారూ" అన్నారు.

పెళ్ళయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. చూశావా అన్నట్టు నా భార్య వైపు తిరిగాను.

"బాగుందన్నడు గాని, తోట ఉంచుతనన్లేదు" అంది, మెల్లగా.

తొలకరికి ముందే గొడ్డళ్ళు వచ్చాయి. ఆయన గ్లాసు ఖాళీ చేసింది నా ముఖం చూసి. తోట సంగతి ఆయన అప్పటికే తేల్చుకున్నారు. చెట్లు కొట్టే రోజు నా భార్య పాల్వంచలో మా కంపెనీ క్వార్టరు దాటి బయటికి రాలేదు. ఆమెను ఊరికే ఆశపెట్టానని నాకు చాలా బాధ కలిగింది. మాట్లాడమంటే మిషను చేసినవాడు ఏమని ఓదారుస్తాడు?

తోట నుంచి తెచ్చేసిన మిషను మా క్వార్టరు వెనక చాలాకాలం పడి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా సిగ్గేసి, ఒకరోజు పాత ఇనుప సామాన్ల బండివాణ్ణి పిలిచి మొత్తం తీసుకుపొమ్మన్నాను. అతను ఎత్తుతుంటే వంటింట్లోంచి నా భార్య పిండి చేతులతోనే వచ్చింది.

"ఇనుమంతా తీస్కపో. ఆ కట్టె నాది, ఇడిసిపెట్టు."

బండివాణ్ణి కాసేపు ఆగమని, రోలరుకు బిగించిన స్క్రూలన్నీ నేనే విప్పాను. ఇప్పుడది మా వంటింట్లో ఉంది. నిలువుగా పెట్టి, దాని మీద కూర్చుని ఆమె కూరగాయలు తరుగుతుంది. ఒంటినిండా చిల్లులున్నా కదలదు, ఊగదు. నేను చేసినవాటిలో ఇప్పటికీ పనికొస్తున్నది అదొక్కటే. అందులో పనికొచ్చేలా నేను చేసిందల్లా ఆ స్క్రూలు విప్పడమే.