కుర్చీ దిగని దొర

ఇంగ్లాండులో ఏ కోట చూపించినా మా బాపు పెదవి విరిచేవాడు. "గింతేనా? మా గడి ముందట గిదెంత?" అనేవాడు. గడి అంటే కోటలాంటి మా దొరల ఇల్లు. దానికి అప్పటికే తాళం పడింది. మల్లాపూర్ వైపున్న మా ఊళ్లో కూలీల సంఘం లేచి, గడి ముందు ఎర్రజెండా పాతింది. అడవిలోని నక్సలైట్ అన్నలు ఒకసారి వచ్చి మాట్లాడి పోయారు. ఆ మర్నాడు తెల్లవారకముందే బాపు మమ్మల్ని మొదటి బస్సెక్కించి జగిత్యాలలో దించాడు. దారి పొడుగునా తలకు తువ్వాల చుట్టుకొని, సీట్లో కిందికి జారి కూర్చున్నాడు. ఆ ముచ్చట మాత్రం ఏ కోట ముందూ చెప్పలేదు.

జగిత్యాలలో కిరాయి ఇంట్లో కూడా ఆయన దొరే. వాకిట్లో కుర్చీ వేసుకొని, దారిన పోయేవాళ్లు తనను చూసి చెప్పులు విడుస్తారేమోనని కాచుకునేవాడు. ఒక్కరూ విడవలేదు. నీళ్ల కుండ చేతికందేంత దగ్గరున్నా "ఏమే" అని కేకేసేవాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ముంచి ఇచ్చేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

అమ్మ తమ్ముడు, మా మేనమామ, సిరిసిల్లలో పుట్టి పెరిగి ఇంగ్లాండులో డాక్టరయ్యాడు. ఊళ్లో గొడవ చల్లబడేదాకా కొన్నాళ్లు వచ్చి ఉండమని టికెట్లు పంపాడు. బాపు ఆ ప్రయాణం కోసం కోరుట్లలో సూటు కుట్టించుకున్నాడు. దర్జీ తప్పేం లేదు. ఈయనే పొట్ట లోపలికి లాక్కొని, ఊపిరి బిగబట్టి కొలతలిచ్చాడు. వేసుకుంటే చేతులు పైకి లేవవు. చేతులు లేపే పని తనకెందుకు పడుతుంది అనుకున్నాడు కాబోలు.

మేము దిగిన వారంలోనే మామ అమ్మకు రక్తపరీక్ష చేయించాడు. "అక్కకు షుగర్ ఉన్నది బావా. గోలి ఏసుకున్నంక టైముకు తినాలె. లేకుంటే కండ్లు తిరిగి పడిపోతది" అన్నాడు. బాపు తలూపాడు. అయితే మా ఇంట్లో ఆయన తిన్నాకే అమ్మ తినాలి. అది పద్ధతి. పద్ధతి పెట్టినవాడి కడుపు ఎప్పుడూ ముందే నిండేది కాబట్టి అందులో ఆయనకు ఏ ఇబ్బందీ కనబడలేదు.

మామ సెలవు పెట్టి మమ్మల్ని కారులో ఊళ్లు చూపించడానికి బయల్దేరదీశాడు. ముందు సీటు బాపుది. అమ్మ జగిత్యాలలో చేసి తెచ్చిన సకినాల డబ్బా కూడా ఆయన ఒళ్లోనే. పొద్దుటి పూట కోటలు, చర్చిలు, సముద్రం. మధ్యాహ్నం పబ్బు. పబ్బంటే అక్కడి ఊరి కల్లు దుకాణమే. కాకపోతే లోపల తివాచీ ఉంటుంది, ఆడవాళ్లూ పిల్లలూ వచ్చి భోజనం చేస్తారు. అక్కడ ఎవరైనా సరే కౌంటర్ దగ్గరికి పోయి, తమ వంతు వచ్చేదాకా నిలబడి అడగాలి. ఇచ్చింది తామే మోసుకొచ్చుకోవాలి.

మా బాపు కల్లు దుకాణం గడప తొక్కి ఎరగడు. తాళ్లెక్కే గౌడు రోజూ మొదటి కుండ గడికి తెచ్చి, దించి, ఉత్తచేతులతో పోయేవాడు. సంఘం వచ్చాక అన్నిటికంటే ముందు ఆగింది ఆ కుండే. భూమి పోయినందుకన్నా కుండ రానందుకే బాపు ఎక్కువ ఏడ్చాడని నా నమ్మకం. ఇప్పుడు పబ్బులో ఆయన కూర్చుంటే, అంత చదివిన మామ గ్లాసులు మోసుకొచ్చి ముందు పెట్టేవాడు. బాపు ఓ గుక్క తాగి "సల్లగ లేదు" అనేవాడు. తిన్నంతసేపూ గడి కథలు చెప్పేవాడు. అవి అయ్యేసరికి అమ్మ ప్లేటు చల్లారిపోయేది.

ఒకరోజు ఒక పల్లెలో కారు టైరు పోయింది. మామ మమ్మల్ని అక్కడి పబ్బులో కూర్చోబెట్టి, డబ్బులు బాపు ముందు టేబుల్ మీద పెట్టాడు. "బావా, జరసేపైతే వంట బందు వెడ్తరు. జల్ది పోయి కౌంటర్ కాడ చెప్పుండ్రి. అక్క పొద్దుగాలనే గోలి ఏసుకున్నది" అని చెప్పి, టైరు బాగు చేయించడానికి పోయాడు.

బాపు కాలు మీద కాలు వేసుకొని చిటికె వేశాడు. కౌంటర్ వెనకున్నతను ఒకసారి చూసి, మళ్లీ గ్లాసులు తుడుచుకోసాగాడు. నేను లేవబోయాను.

"కూసో! దొర బిడ్డ కల్లు దుకాణంల నిలవడుతదా?"

"మరి మీరు పోండ్రి బాపూ."

"వాడే వస్తడు. రాక ఏడికి పోతడు?"

అమ్మ నుదుటి మీద చెమటలు పట్టాయి. "నాకు చేతులు వణుకుతున్నయ్" అంది మెల్లగా. సకినాల డబ్బా గుర్తొచ్చినట్టుంది, బాపు మూత తీశాడు. అడుగున నలిగిన ముక్కలు మిగిలాయి. ఇస్తాడనుకున్నాను. అరచేతిలోకి వంపుకొని తన నోట్లో పోసుకున్నాడు. పెళ్లాం పడిపోతున్నా కదలని ఈ మనిషి కోసం ఊరు ఊరంతా వంగి నడిచిందా అనిపించింది.

అమ్మ ఆ డబ్బులు తీసుకొని, టేబుల్ పట్టుకొని లేచింది.

"ఏమే, ఏడికి?"

అమ్మ బూట్లకు బురదున్న ఒక కూలి మనిషి వెనక పోయి నిలబడింది. వంతు రాగానే, పక్క టేబుల్ దగ్గర ముసలావిడ తింటున్న చేప, ఆలుగడ్డ ముక్కల ప్లేటు చూపించి, రెండు వేళ్లు ఎత్తింది. మేము ముగ్గురం. కళ్లు తిరిగి లెక్క తప్పిందేమో అనుకున్నాను.

రెండు ప్లేట్లు తెచ్చి ఒకటి నా ముందు పెట్టి, ఒకటి తన ముందు పెట్టుకొని తినడం మొదలుపెట్టింది. బాపు కంటే ముందు అమ్మ నోట్లో ముద్ద పెట్టుకోవడం నేను అదే మొదటిసారి చూశాను. చేతుల వణుకు కాసేపటికి తగ్గింది.

"మరి నాకేది?" అన్నాడు బాపు.

"గాడికి పోయి నిలవడుండ్రి. అడిగితె ఇస్తరు."

బాపు చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచాడు, సూటు చంకల్లో పట్టేస్తుంటే కౌంటర్ దాకా నడిచాడు. అప్పటికే వంట బందు చేశారు. కౌంటర్ అతను అడ్డంగా తలూపాడు. బాపు తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ ప్లేటులో ఇంకా సగం ఉంది. ఆయన దాని వైపే చూస్తున్నాడు. అమ్మ తొందరపడకుండా, ముక్క కూడా మిగల్చకుండా తినేసింది.