పసుపు పూసిన కుందేళ్ళు

మునీశ్వరికీ నాకూ పడదు. మదనపల్లె బయట మా కాలేజీలో మందులు పరీక్షించే జంతుశాలలో ఆమె కుందేళ్ళను సాకుతుంది, నేను వాటి రికార్డు రాస్తాను. పుంగనూరు బస్సు దిగి గేటు దాటానో లేదో మొదలుపెడుతుంది: "ఏం భానుప్రకాశప్పా, ఇప్పుడు తెల్లారిందా నీకు?" నాకంటే రెండేళ్ళు పెద్దదేమో, పెత్తనం మాత్రం మేనత్తలా చేస్తుంది.

రామసముద్రం మనిషి. పదిహేనేళ్ళు టమోటా తోటల్లో కూలికి పోయింది. నెల జీతమంటే ఏమిటో ఈ ఉద్యోగంలోనే చూసింది. మంచాన పడ్డ తల్లి కాంతమ్మకు తిండీ మందూ అంతా దీనిమీదే. అలాంటి మనిషి కాస్త అణిగిమణిగి ఉండాలా వద్దా? ఉండదు. పంజరాలు కడిగిన నీళ్ళు నా బూట్ల మీద పోసి, "ఆడ యాల నిలబడినావు?" అని నన్నే తిడుతుంది.

ఆ మధ్య ఈ పరీక్షలు నడిపించే పురుషోత్తం సార్ కుప్పం నుంచి ఒక కొత్త మందు తెచ్చాడు. విరిగిన ఎముకలో ఖాళీ మిగిలిపోతే దీన్ని సిరంజితో ఎక్కిస్తారు. లోపల గట్టిపడి, కొత్త ఎముక పెరగడానికి ఊతగా నిలుస్తుందట. మనుషులకు ఎక్కించే ముందు ఒళ్ళు దాన్ని ఒప్పుకుంటుందా లేదా అని చూడాలి. పన్నెండు కుందేళ్ళకు మత్తిచ్చి తొడ ఎముకలో చిన్న రంధ్రం చేశాం. ఆరింటికి కొత్త మందు, ఆరింటికి ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో వాడే పాత మందు ఎక్కించాం. నాలుగు వారాలు వాపూ చీమూ ఉన్నాయేమో గమనించి, ఆఖరున వాటిని చంపి ఎముక కోసి చూడాలి. పద్ధతి అంతే.

ఆ నాలుగు వారాల్లో నా రికార్డులో ఒక్క వాపు కూడా లేదు. కొన్నిటికి కుట్ల చుట్టూ పచ్చగా కనిపించేది. అయోడిన్ మరక అనుకున్నాను. పంజరం తెరవకుండా బయటినుంచే చూసి "గాయం శుభ్రం" అని రాసేశాను.

కుందేళ్ళను కోసి చూశాక, రిపోర్టు పంపే రోజు సార్ మమ్మల్ని పిలిచి, వాపు ఎక్కడా లేదని చదివి వినిపించాడు. తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ మునీశ్వరి ఊరుకుంటేనా!

"యాల లేదు సార్? నాలుగో దినం కొత్త మందేసిన ఆరింటికీ తొడ వాసి ఉణ్ణింది. పసుపు, ఆముదం కలిపి రెండు పూట్లా పూసినా. వారానికి అణిగిపాయ."

సార్ మొహం మాడిపోయింది. "ఏ మందూ పూయకూడదని నీకు చెప్పలేదా?"

"మందు పూయలేదు సార్. పసుపు పూసినా."

"నీకు బుద్ధుందా? పరీక్ష మొత్తం తగలబెట్టావు గదే!"

"కాలు కింద పెట్టలేక అల్లాడతాంటే సూస్తా కూసోమంటావా?"

సార్ లేచి తలుపు మూశాడు. "ఈ మాట గది దాటిందా, రేపట్నుంచి నీకు ఉద్యోగం ఉండదు." నేనూ నోరు మూసుకోమని సైగ చేశాను. ఆమె మాట నిజమైతే నా రికార్డంతా బూటకమే కదా మరి.

"రేపు మనుషులకి ఎక్కిస్తారంట గదా దీన్ని? వాళ్ళ కాళ్ళు వాస్తే నేను పోయి పసుపు పూయల్నా?" అంటూ నా చేతిలో రిజిస్టరు లాక్కుంది. వంకర అక్షరాలతో తేదీ వేసి, "ఆరు కుందేళ్ళకు వాపు. పసుపు పూసినా. మునీశ్వరి" అని రాసింది. భయపడుతూనే రాసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వూ పెట్టప్పా సంతకం" అని పెన్ను నా మొహం మీదికి చాచింది. సిగ్గేసి పెట్టాను.

జంతువుల మీద చేసే పరీక్షల పర్యవేక్షణ కమిటీ రిపోర్టుతో పాటు రిజిస్టరూ తెప్పించుకుంది, ఆ పేజీ చూసి పరీక్ష మళ్ళీ మొదటినుంచి చేయమంది. మునీశ్వరిని తీసేయడానికి కూడా ఒప్పుకోలేదు. సార్ మాత్రం కక్ష తీర్చుకున్నాడు. "ఇంకో పన్నెండు కుందేళ్ళు వస్తాండాయి. నీ పుణ్యమా అని అవీ చస్తాయి. నువ్వే సాకు" అన్నాడు. మునీశ్వరి చీపురు తీసుకుని పంజరాలు ఊడ్చడానికి వెళ్ళిపోయింది.

కొత్తవి వచ్చాయి. ఆపరేషన్లు అయ్యాయి. నాలుగో రోజు కొత్త మందు వేసినవాటికి మళ్ళీ తొడలు వాచాయి. నొప్పి తెలియకుండా సూది వేశాం, అంతకు మించి ఏదీ తాకించకూడదు. మునీశ్వరి మొదటి కుందేలును ఒళ్ళో పెట్టుకుని సార్‌నూ ఆ మందునూ నోటికొచ్చినట్టు తిట్టింది. నేను వాపు వేలితో తడిమి చూసి రాసుకున్నాను. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఆ పొద్దే నువ్వు పంజరం తెరిసి సూసుంటే నా చెయ్యి పట్టుకోని ఆపేవాడివి. ఈ పన్నెండూ బతికుండేవి గదప్పా!"

రెండో పంజరం తలుపు తెరిచాను.