ప్లగ్గు మాస్టారి మూడో పీరియడ్

ఆ బడిలో ఆయన్ని అందరూ ప్లగ్గు మాస్టారనే అంటారు. ఆయన సైన్సు మాస్టారన్న సంగతి హాజరు పుస్తకానికి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు.

పంతొమ్మిదేళ్ల కిందట తనిఖీ రోజున కొత్త ప్రొజెక్టర్ వెలగలేదు. అందరికీ ముచ్చెమటలు పోస్తుంటే, ఈ మహానుభావుడు వెళ్లి వదులైన ప్లగ్గును లోపలికి నొక్కాడు. వెలిగింది. చప్పట్లు కొట్టారు. ఆయన చేసిన తప్పల్లా అదొక్కటే. ఆనాటి నుంచి తెర నల్లబడినా, మార్కులు కంప్యూటర్లోకి ఎక్కించాలన్నా, ఎవరైనా పాస్‌వర్డ్ మరిచిపోయినా కబురు ఆయనకే. నాలుగు రోజులపాటు అని చెప్పి ఆయన పీరియడ్లు లెక్కల టీచరుకిచ్చారు. ఆ నాలుగు రోజులు ఇంకా గడవలేదు.

మొదట్లో గర్వపడ్డాడు, అబద్ధమెందుకు. తర్వాత విసుగొచ్చింది. ఇప్పుడు విసుక్కునే ఓపిక కూడా లేదు. ఊళ్లో యంత్రాలన్నీ బాగుచేస్తారు గానీ ఇంట్లో మిక్సీ ఆర్నెల్లుగా మూలపడి ఉందని భార్య దెప్పుతుంది. బీరువాలో ఆయన దాచుకున్న పొట్లం సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు. అందులో ఒక అయస్కాంతం, కాస్త ఇనుప రజను. కాగితం మీద రజను చల్లి కింద అయస్కాంతం పెడితే అది గీతలు గీతలుగా సర్దుకుంటుంది. అది చూసి పిల్లలు నోళ్లు తెరవడం రిటైరయ్యేలోగా ఇంకొక్కసారి చూడాలని ఆయన కోరిక. మిగిలింది ఒక్క ఏడాది.

ఇంతలో పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చదువుకు కంప్యూటర్లూ తెరలూ ఎలా వాడతారో మూడేళ్ల ప్రణాళిక రాసి పంపాలట. ఎవరు రాయాలి? ఇంకెవరు! వారం రోజులు కూర్చుని రాశాడు. చేత్తో చూపించగలిగింది ముందు చేత్తోనే చూపించాలి, కంటికి కనబడనిదానికే తెర. ఎవరి యంత్రం వాళ్లే చూసుకోవాలి, అందుకు టీచర్లందరికీ నెల రోజులు నేర్పాలి.

హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు సవరించుకుని అంతా చదివింది.

"బాగుంది మాస్టారూ. కానీ ఇందులో మీకు పనే లేదేంటి?"

"ఆఖరి వరుస చూడండి మేడమ్."

ఏడో తరగతి సైన్సు, రోజూ మూడో పీరియడ్. ఆవిడ ఆ వరుస ఇంకోసారి చదివి సంతకం పెట్టింది.

నేర్పిందే నేర్పి నెల తిరిగేసరికి ఆయన నడుం పడిపోయింది. అయినా తర్వాతి సోమవారం మూడో పీరియడ్‌కి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొట్లం పట్టుకుని ఏడో తరగతిలో అడుగుపెట్టాడు. పిల్లలు లేచి నమస్కారం పెట్టి, అలవాటు ప్రకారం ముందు బెంచీ పక్కకు జరిపారు. ఒకమ్మాయి స్టూలు తెచ్చి ప్రొజెక్టర్ కింద వేసింది. క్లాసు లీడరు మాత్రం మొహమాటంగా, ఇవాళ తమ ప్రొజెక్టర్ బాగానే ఉందని చెప్పింది.

"తెలుసమ్మా. నేను పాఠం చెప్పడానికొచ్చాను."

ఆ పిల్ల వెటకారమేమీ లేకుండా, నిజంగానే తెలియక అడిగింది. "మీకు పాఠం చెప్పడం కూడా వచ్చా సార్?"

ఆయన ఆ స్టూలే లాక్కుని కూర్చున్నాడు.

"వచ్చేదమ్మా" అన్నాడు. "దగ్గరికి రండి, చూద్దాం."

పొట్లం ముడి విప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.