బయటినుంచి కుట్టిన పుట్టుక

ఆ షెడ్డులో ఆమెను అందరూ సూది అనేవారు. సన్నగా ఉంటుందని కొందరు, నోరు విప్పితే గుచ్చుతుందని కొందరు. అసలు కారణం ఆమె పని. రేకులు వంచే ప్రెస్సుల్ని నడిపే ప్రోగ్రామ్‌ను అమ్మినవాడు తాళం వేసినట్టు ఇచ్చాడు. లోపల ఒక్క అక్షరం మార్చే వీల్లేదు. అందుకని ఆమె తన ముక్కను విడిగా రాసి బయటినుంచి కుట్టేది. ఆస్పెక్ట్ అంటారు దాన్ని.

కొత్త ప్రెస్సులు దిగాయి. ప్రోగ్రామ్‌లో ప్రెస్ అనే క్లాస్ ఉంది, అచ్చులాంటిది. అందులోంచి ఒక్కో ప్రెస్ పుట్టేటప్పుడు నడిచేది కన్‌స్ట్రక్టర్. ఉన్నదేమో పాత యంత్రాల కొలతలే అడుగుతుంది. సూది కొత్త కన్‌స్ట్రక్టర్ ఒకటి ఆస్పెక్ట్‌లో రాసి ఆ క్లాసుకు తగిలించింది. ఇల్లు కదపకుండా గోడకు ఇంకో గుమ్మం పెట్టినట్టు.

ఆ వారంలోనే కొత్త ప్రెస్, దానికి రేకులు అందించే బక్కోడి చేతిని రేకుతో కలిపి నొక్కేసింది. ఎండు కట్టెలు విరిగినట్టు చప్పుడైంది. ఆ తర్వాతే అరుపు. వాణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్లగానే వాడి అన్న ఇనప కడ్డీ అందుకున్నాడు.

"ఒరేయ్ మెకానిక్కూ! గార్డు పీకేశావు కదరా!"

చెయ్యి అడ్డొస్తే ప్రెస్‌ను ఆపేది గార్డు. పని జోరుగా సాగాలని మెకానిక్ లోగడ ఓ పాత ప్రెస్‌కు దాన్ని పీకిన మాట నిజమే. అందుకే అడ్డుపడేవాడు లేడు. మొదటి దెబ్బ మోకాలికి, రెండోది మూతికి.

పైనున్న అద్దాల గదిలోంచి చూస్తున్న సూదికి కడుపు చల్లబడింది. ఆ మెకానిక్ ఆమెకు బావ. అక్క జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టే బావ. కంటికింద నలుపు చూసి అడిగితే, "తలుపు తగిలిందే" అనేది అక్క.

"మీ ఇంట్లో తలుపులకి చేతులున్నాయా అక్కా?"

అక్క నవ్వబోయి, పెదవి చిట్లి ఆగిపోయేది.

కింద బావ నెత్తురు ఉమ్ముతూ మొత్తుకుంటున్నాడు. "ఈసారి నేను ముట్టుకోలేదురా! గార్డు తీగ అట్లాగే ఉంది, పోయి చూడండి!"

ఎవరూ పోలేదు. సూది మాత్రం కంప్యూటర్ తెరవైపు తిరిగింది. పాత ప్రెస్సుల పక్కన 'గార్డు ఉంది'. కొత్తవాటికి, అన్నిటికీ, 'గార్డు లేదు'.

కొత్త కన్‌స్ట్రక్టర్ ముందుగా పాతదాన్ని పిలవాలి. పిలవకపోతే క్లాసులో ముందే పెట్టి ఉంచిన విలువలు నిండవు. 'గార్డు ఉంది' అన్నది వాటిలో ఒకటి. ఆ పిలిచే వరస ఆమె రాయలేదు. రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ పచ్చ అక్షరాల్లో హెచ్చరిస్తూనే ఉంది. చిరాకేసి ఆమే దాని నోరు నొక్కింది. కొత్త గుమ్మం పెట్టింది గానీ, కాపలావాడు పాత గుమ్మం దగ్గరే ఉండిపోయాడు.

నోరు మూసుకుంటే చాలు. అక్క పీడ విరగడవుతుంది.

కడ్డీ బావ నెత్తిమీదికి లేచింది. మిగతా కొత్త ప్రెస్సులు ఇంకా దబదబా దిగుతూనే ఉన్నాయి, వాటి కింద ఎవరెవరివో చేతులు. సూది పరుగెత్తి యంత్రాల మెయిన్ స్విచ్ లాగేసింది. షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది.

"ఆపండి! తప్పు నాది!" అంటూ వచ్చి బావకు అడ్డంగా నిలబడింది.

"బావని కాపాడుకుంటున్నావా?" అన్నాడు బక్కోడి అన్న.

"కాపాడుకునేంత బావ కాదు. ఆ ప్రెస్సుల్ని గార్డు లేకుండా పుట్టించింది నేను. వచ్చి తెర చూడు."

కడ్డీ దిగనే దిగింది. ఆమె అడ్డుపెట్టిన ముంజేతిమీద. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే ముందు వినబడింది. బక్కోడి అన్న కడ్డీ వదిలేసి, చతికిలబడి, నెత్తి కొట్టుకుంటూ ఏడ్చాడు.

బావ ఊడిన పన్ను అరచేతిలో పట్టుకుని నవ్వాడు. "విన్నారా! నిప్పులాంటి మనిషిని నేను! బతికించావే మరదలా."

సూది వాడి చెవి దగ్గరికి వంగింది.

"తప్పు నీది కాదు కాబట్టి ఆపాను బావా. అక్కమీద చెయ్యి పడిందా, ఈ కడ్డీ ఎక్కడ పెడతారో నాకు తెలుసు. నాకింకో చెయ్యి ఉంది."

వాడి నవ్వు ఆగిపోయింది.

ఆసుపత్రికి పదమన్నా ఆమె వెంటనే కదల్లేదు. బాగున్న చేత్తో ఒక్కో అక్షరం నొక్కుతూ, ఆ తప్పిపోయిన వరసను కన్‌స్ట్రక్టర్ మొదట్లో రాసింది. తర్వాతే లేచింది.

ఉద్యోగం పోయింది. చెయ్యి వంకరగా అతుక్కుంది. బక్కోడు ఆమెను క్షమించలేదు, ఆమె అడగనూ లేదు. అక్క ఇంట్లో తలుపులు మాత్రం మళ్లీ ఎవరికీ తగల్లేదు.