గట్టు మీద విప్పించిన చెప్పులు

సహోదరులారా, సహోదరీలారా, ఇదే మందిరంలో, ఈ స్తంభం పక్కనే, నా కూతురు సునీతను నిలబెట్టి మీ అందరి ముందు తల దించుకునేలా చేశాను. ఈరోజు అదే చోట నేను నిలబడ్డాను. తల ఎత్తలేకపోతున్నాను.

ఆకివీడు దగ్గర ఒక చేపల చెరువుకు కాపలా ఉంటాను, గట్టు మీద పాకలోనే మా కాపురం. రోజూ ఉదయం మేత చల్లేముందు పనివాళ్లందరినీ గట్టు మీద నిలబెట్టి ప్రార్థన చేయించేవాణ్ని. ప్రార్థన చేసే నేల పవిత్రమైనది కాబట్టి దాని మీద ఎవరూ చెప్పులతో నడవకూడదని నియమం పెట్టాను. ఎవరు పెట్టమన్నారు? దేవుడా? కాదు, నేనే! మరుగుదొడ్డి లేని మేమందరం ఆ గట్టు వారనే కూర్చునేవాళ్లం, వాన పడితే ఆ మలినమంతా మేము మోకరించే మట్టిలోకే వచ్చేది, అయినా పవిత్రత గురించి అంతసేపు మాట్లాడిన నా నోటికి ఆ సంగతి ఒక్కనాడూ గుర్తు రాలేదు!

సునీతకు పద్నాలుగేళ్లు. పెదాలు పాలిపోయాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. సోమరితనం అన్నాను. తమ్ముడి సంచిలోంచి బలపాలు తీసి తింటుంటే దొంగతనం అన్నాను, దురాత్మ అన్నాను. మూడు రోజులు ఉపవాసం ఉంచాను, సహోదరులారా! ఒంట్లో రక్తం లేని పిల్లకు అన్నం కూడా లేకుండా చేశాను! ఆదివారం ఇక్కడికి తెచ్చి, దొంగతనం చేశానని దాని నోటితోనే చెప్పించాను. మీరంతా ఆమెన్ అన్నారు.

తాడేపల్లిగూడెంలో వ్యాను నడిపే నా బావమరిది రాజు ప్రార్థనలకు రాడు. మర్నాడు కొత్త చెప్పుల జత పట్టుకుని వచ్చాడు.

"బావగారూ, దానికి దెయ్యం కాదండీ, నీరసవండీ. ఈ చెప్పులేసి ఆసుపత్రికి తీసుకెళ్దాం రండి. చెప్పులంటే మీ దేవుడికి అంత కోపవా?"

"నోర్ముయ్, అవిశ్వాసీ!" అని ఆ జతను చెరువులోకి విసిరేశాను.

ఆ మరుసటి ఉదయం ప్రార్థన మధ్యలోనే సునీత కుప్పకూలిపోయింది. రాజు వ్యానులోనే ఏలూరు తీసుకెళ్లాం. హిమోగ్లోబిన్ నాలుగు. తెల్లకణాల లెక్కలోనూ తేడా. మలపరీక్షలో కొంకి పురుగులు కనబడ్డాయి.

"ఏవండీ, పిల్ల మట్టిలో చెప్పుల్లేకుండా తిరుగుతుందా?" అని డాక్టరమ్మ అడిగింది. "ఈ పురుగు అరికాలి చర్మంలోంచి దూరి, పేగుల్లో చేరి రక్తం తాగుతుందండీ. బలపాలు తినాలనిపించేదీ రక్తం తగ్గబట్టే. ఒక జత చెప్పులు కొనలేకపోయారా?"

కొనితెచ్చిన జతను నేనే చెరువులో పారేశానని రాజు ఆవిడకు చెప్పలేదు. వాడి ముందు నేను సిగ్గుతో చచ్చిపోయాను.

రక్తం ఎక్కించాలన్నారు. నా చెయ్యి చాపాను. పరీక్షించి, "మీకే రక్తం లేదండీ, ముందు మీరు మందు వాడండి" అన్నారు. కన్నకూతురికి ఇవ్వడానికి నా ఒంట్లో రక్తం లేదు! రాజు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ప్రభువా, నా మూర్ఖత్వానికి నీ పేరు పెట్టాను. శిక్ష నాకు వెయ్యి, పిల్లను బతికించు" అని ఆ వరండాలో ఏడ్చాను. బతికించాడు, దేవునికే మహిమ! ఆ పరీక్షా, ఆ మాత్రలూ, అవిశ్వాసి అని నేను తిట్టినవాడి రక్తమూ దేవుడు పంపినవి కావని ఎవరైనా అంటే ఇక్కడే వాదిస్తాను! దేవుడు ఏ పరీక్షకూ భయపడడు. భయపడింది నేనే.

ఇప్పుడు పాక వెనక మరుగుదొడ్డి కట్టుకున్నాం. ఆసుపత్రి నుంచి వచ్చిన తొలి ఉదయం సునీత రాజు మళ్లీ కొనిచ్చిన చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు కింద నిలబడింది. "నాన్నా, ప్రార్థనయ్యాక వేసుకోనా?" అని అడిగింది. మోకరించి, వాటిని నేనే దాని కాళ్లకు తొడిగాను. ఆ రోజు నా నోట వేరే ప్రార్థన రాలేదు.

మీ ఇంట్లో పాలిపోయిన పిల్ల ఉందా? దేవుణ్ని నమ్మండి, నమ్మి రేపే రక్తపరీక్షకు బయలుదేరండి. రాజు వ్యాను బయటే ఉంది.

అమ్మా సునీతా, నువ్వు దొంగవి కాదు. ఈ నాన్నను క్షమించు. సహోదరులారా, ఆనాడు ఆమెన్ అన్నారు కదా, ఈ మాటకూ అనండి.